వాడకట్టంతా ఒకటే తీగ

కొత్తవాడ, వరంగల్
కార్తీక మాసం, సోమవారం

భివండిలో ఉన్న సదానందం గారికి భాగ్యమ్మ నమస్కరించి రాయునది.

ఇక్కడ నేను క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను. మొదట "మేమంతా క్షేమం" అని రాశాను, చేతికి ఇంకా అలవాటు పోలేదు. తర్వాత కొట్టేసి "నేను" అని రాశాను. పైన ఆ కొట్టివేత చూసి ఏమైందోనని కంగారు పడకండి. ఏమీ కాలేదు. ఇక్కడ ఏమీ కావడం లేదు.

మీ ఉత్తరం అందింది. మీరు అడిగినవాటికి వరుసగా జవాబు రాస్తాను, రెండింటికి తప్ప. ఆ రెండూ చివర్లో చెబుతాను. ఒకటి, తీగ కాసిందా అని. రెండోది, "కట్టుకున్నదానివై ఉండి నన్ను పేరు పెట్టి, బ్యాంకోళ్ళు నోటీసు పంపినట్టు ఎందుకు రాస్తున్నవు, ఇంతకుముందు పిలిచినట్టు ఎందుకు రాస్తలేవు" అని. మీకు కోపం వచ్చిందని అక్షరాలు చూస్తేనే తెలిసింది. కాగితం వెనక్కి పొడుచుకొచ్చేలా నొక్కి రాశారు.

తింటున్నావా అని అడిగారు. తింటున్నాను. పొద్దున వండింది రాత్రికి కూడా వస్తుంది. ఒక్కదానికి బియ్యం కొలవడం ఇప్పటికీ రావడం లేదు, ఎప్పుడూ ఎక్కువే అవుతుంది. నిద్ర కూడా బాగానే పడుతోంది. అసలు ఇంత బాగా నిద్రపోతున్నానేమిటని నాకే సిగ్గుగా ఉంటుంది. పగలు వెంకట్రాజం అన్న మగ్గాలకు నూలు కండెలు చుడుతున్నాను. చెయ్యి తిరుగుతుంటే పొద్దు పోతోంది. ఇంటి మీది రేకు ఈ వానాకాలం కూడా కారింది. మీరు పెట్టిన తారు ఊడిపోయింది. కింద బకెట్ పెట్టాను, అంతే.

మొన్న వెంకట్రాజం అన్న బిడ్డ సంధ్యారాణి నేను ఉత్తరం కవరు తెమ్మంటే నవ్వింది. "గీ కాలంల ఉత్తరాలేంది అత్తా? ఫోన్ల మాట్లాడరాదా?" అంది. "ఫోన్ల మాట్లాడితే మీ మామకు ఇనవడాలె గదనే" అన్నాను. ఆ పిల్లకు తెలియదు పాపం. పెళ్ళికి ముందూ తర్వాతా అంతకాలం భివండి పవర్‌లూముల మధ్య నిలబడి చెవులు అక్కడే వదిలేసి వచ్చారని, మన బిడ్డ ఇందును బడిలో వేశాకనే ఇంటికొచ్చి జంపఖానాల మగ్గం పెట్టారని ఇప్పటి పిల్లలకు ఎవరు చెబుతారు? "మరి మెసేజ్ వెట్టు" అంది. మీ చిన్న ఫోన్లో తెలుగు రాదని చెప్పాను. అప్పుడు కవరు తెచ్చిచ్చింది.

మగ్గం మీద సగంలో ఆగిన జంపఖానా ఎవరితోనైనా నేయించమన్నారు. వెంకట్రాజం అన్న నేస్తానన్నాడు. నేనే వద్దన్నాను. ఇందును దవాఖానకు తీసుకెళ్ళిన రోజు మీరు ఎక్కడ లేచారో అది అక్కడే ఉంది. ఎర్ర పట్టీ అయిపోయి నీలం పట్టీ మొదలైంది. వారానికోసారి దుమ్ము దులుపుతాను. ఏడాది దాటింది కదా, ఎర్ర రంగు కొంచెం వెలిసింది. సంవత్సరీకానికి కూడా మీరు రాలేదు. నేనూ రమ్మని రాయలేదు. వాడకట్టు వాళ్ళు మీ మీద ఒకటి, నా మీద ఒకటి అనుకొని ఉంటారు. అననివ్వండి.

ఆ మగ్గం దగ్గర ఒక వింత జరిగింది, చెబుతాను. రాఖీ పువ్వు తీగ కిటికీలోంచి లోపలికి వచ్చింది. ఇందు ఉన్నప్పుడు అది కిటికీ చువ్వ దాకా కూడా రాలేదు, గుర్తుందా? ఇప్పుడు రేకు మీద సగం దాని ఆకులే. ప్రతి ఆకు మొదట్లోంచి ఒక నులితీగ బయలుదేరుతుంది. గాలిలో అటూ ఇటూ వెతుక్కుంటుంది. ఏదైనా తగిలితే రెండు చుట్లు చుట్టి పట్టుకుంటుంది. ఈసారి దానికి మీ పడుగు దారం దొరికింది. పట్టుకున్న తర్వాత మధ్యలో మిగిలిన భాగం స్ప్రింగులా ముడుచుకుంటుంది కదా, దాన్ని దగ్గరగా చూశాను. సగం దాకా ఒకవైపు పురి, అక్కడ ఒక చిన్న మలుపు, అక్కడి నుంచి ఎదురు పురి. రెండు కొసలూ కట్టేసి ఉన్నాక నడుమ పురి పెడితే అంతకన్నా దారి లేదు. మన పనిలో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఇందు ఉంటే దీనికి ఎంత పెద్ద పేరు చెప్పేదో! తెంపబోయి ఆగాను. మీ పోగు అది పట్టుకుంది, దాన్ని పట్టుకొని మీ పోగు ఉంది. ఉండనిచ్చాను.

ఇక తీగ సంగతి. కాస్త పొడుగు, ఓపికతో చదవండి.

ఇందు ఆ మొక్కను హసన్‌పర్తి కాలేజీ నుంచి నీళ్ళ సీసా కోసి అందులో మట్టి పోసి తెచ్చింది. అప్పుడు మీరు నవ్వారు. "బిఎస్సీ చదువుమంటె కూరగాయల పాదులు వెడుతున్నదా?" అన్నారు. అది మీకు వినపడేలా చెవి దగ్గర అరిచి చెప్పింది, "కూరగాయ కాదు నాయినా, పండు తీగ! మొదటి కాయ నీకే." మీరు "కాయదు గీయదు" అని దాన్ని ఉడికించారు. మొదటి పువ్వు విప్పిన రోజు మధ్యాహ్నం మనిద్దరినీ పని మాన్పించి కూర్చోబెట్టి పాఠం చెప్పింది. అడుగున మూడు పచ్చ రేకులు, వాటి మీద తెల్ల రేకులు, ఆ పైన ఊదారంగు కుచ్చు. మనం చిన్నప్పుడు ఆ కుచ్చు పోగుల్ని కౌరవులనీ, నడుమ కాడ మీది అయిదింటిని పాండవులనీ, పైన మూడు కొమ్ముల్ని త్రిమూర్తులనీ లెక్కపెట్టుకున్నాం. అది మాత్రం, "అయిదు పుప్పొడి సంచులమ్మా. మూడు కొమ్ములు పుప్పొడిని పట్టుకునేటివి. వాటి కింద గుండ్రంగ ఉన్నదే కాయ అయితది" అంది. ఆకు తొడిమ మీద ఆవగింజంత బుడిపెలు రెండు చూపించింది. అక్కడ తేనె ఊరుతుందట, చీమలు దానికోసం వచ్చి, ఆకు తినే పురుగుల్ని తరుముతాయట. "చీమలకు గది జీతం" అంది. మీకు అది వినపడలేదు. నన్ను అడిగారు, నేను మళ్ళీ చెప్పాను. తండ్రీబిడ్డలిద్దరూ చీమల్ని చూసి ఎంతసేపు నవ్వారో!

పువ్వు ఒక్కపూటే. మధ్యాహ్నం విప్పితే చీకటి పడ్డాక ముడుచుకుంటుంది. మర్నాటికి రాలిపోతుంది.

ఇందు పోయాక పరామర్శకు వచ్చినవాళ్ళలో ఎవరో ఆ తీగ చూసి, "బిడ్డ గుర్తుగ ఒక కొమ్మ ఇయ్యి" అన్నారు. ఇచ్చాను. చూసి ఇంకొకరు అడిగారు. అడిగినవాళ్ళందరికీ గణుపు చూసి కోసి ఇచ్చాను. కత్తెర పెట్టి కోయడం, తడిగుడ్డలో చుట్టి ఇవ్వడం. ఆ రోజుల్లో నేను చేసిన పని అదొక్కటే. ఇప్పుడు మన వాడకట్టులో ఏ గోడ చూసినా రాఖీ పువ్వే. మీరు భివండి బండెక్కే రోజు తీగ మీద చెయ్యి వేసి, "గిది కాసిన్నాడు వస్త" అన్నారు. అందరూ విన్నారు. అందుకే వాడకట్టంతా ఏడాదిగా ఆ తీగల వంకే చూస్తోంది. మా గోడది కాసిందా, మీ గోడది కాసిందా అని. ఏ గోడదీ కాయలేదు. పువ్వులు మాత్రం గంపలకొద్దీ. బతుకమ్మకు పేర్చుకుంటామని కోసుకెళ్ళారు, ఆడే వేళకు అన్నీ ముడుచుకొని కూర్చున్నాయి. నేను ఈ ఏడు బతుకమ్మ పేర్చలేదు.

వానాకాలం మొదట్లో ఒకరోజు వెంకట్రాజం అన్న కొడవలి పట్టుకొని వచ్చాడు.

"చెల్లె, గిది మగ తీగ. బొప్పాయిల మగ చెట్టు ఉండదా, గట్లనే. ఎన్నేండ్లు చూసినా కాయది. కొట్టేస్త, బావకు గూడ గదే రాయి. ఉత్తగ ఆశ వెట్టుకొని ఆడ కూసున్నడు" అన్నాడు.

ఆయన తప్పుగా అనలేదు, మీ మీద ప్రేమతోనే అన్నాడు. నాకు కోపం రాలేదు, బాధ రాలేదు. "నీ గోడ మీదిది కొట్టుకో అన్నా, నా గోడ మీదిది ఉండనీ" అన్నాను. ఆయన తన గోడది కొట్టేసుకున్నాడు. ఇంకో ఇద్దరు కూడా కొట్టేశారు.

తర్వాత రాఖీల రోజు, నూలి పున్నమ వచ్చింది. మగవాళ్ళంతా జంధ్యాలు మార్చుకోవడానికి మార్కండేయుడి గుడికి వెళ్ళారు. మన ఇంట్లో జంధ్యం మార్చుకునే మనిషి లేడు, రాఖీ కట్టే మనిషి లేదు. మగ్గానికి పోగు కట్టాలని గుర్తుంది, లేవబుద్ధి కాలేదు. మధ్యాహ్నం దాటాక గడప దగ్గర శేఖర్ నిలబడి ఉన్నాడు. తొర్రూరు పిల్లవాడు, ఇందుతో కలిసి చదివినవాడు. తోడబుట్టిన చెల్లెళ్ళు లేరని ఇందు ఏటా రాఖీ కట్టేది, దవాఖానలో రక్తం కూడా ఇచ్చాడు. మీరు మరిచిపోయి ఉండరు. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. నాకు చూడగానే వీడెందుకు వచ్చాడబ్బా అనిపించింది, నిజం చెబుతున్నాను.

"అమ్మా, పోయిన రాఖీకి ముందు ఇందు నాకొక మొక్క ఇచ్చింది" అన్నాడు. "రాఖీకి పైసలు వద్దన్నా, నీ తీగ పూసినంక పువ్వు తెచ్చియ్యి, గదే ఇయ్యాలె నాకు అన్నది. మొన్ననే పూత వట్టింది. ఇయ్యాల పొద్దు నెత్తిమీదికి రాంగనే రెండు పువ్వులు ఇప్పినయ్. తెంపుకొని బస్సెక్కిన."

డబ్బా మూత తీస్తే తడిగుడ్డలో రెండు రాఖీ పువ్వులు. మన వాడకట్టు నిండా అవే కదా! నాకు నవ్వు రావలసింది, రాలేదు.

"గీ పువ్వులు మస్తున్నయ్ బిడ్డా ఈడ. కాసుడే లేదు. మగ తీగ అంటున్నరు" అన్నాను.

"మగది కాదమ్మా. ఒక్క పువ్వులనే రెండూ ఉంటయ్. కాని దాని పుప్పొడి దానికి పట్టది. వేరే గింజకు మొలిచిన తీగది కావాలె."

"వాడకట్టు నిండ ఉన్నయ్ గదా?"

"అవి యాడికెల్లి వచ్చినయ్?"

"నేనే కొమ్మలు ఇచ్చిన. అందరికీ ఇచ్చిన."

అతను వాడకట్టు గోడల వంక చూశాడు. "గట్లయితే అవన్నీ ఒకటే తీగ అమ్మా. ఎన్ని గోడల మీద ఉన్నా ఒకటే" అన్నాడు మెల్లగా. "ఇందుకు ఎరుకే. అందుకే నాకు వేరే పండు గింజది ఇచ్చింది."

ఆ మాట విని నేను కూర్చున్నాను. బిడ్డ గుర్తు అని ఇంటింటికీ పంచాను. ఎంత పంచినా ఉన్నది ఒక్కటే అన్నమాట. దానికి పక్కన ఇంకొకటి లేదు.

అతను నాకు ఎలా చేయాలో చూపించాడు. పువ్వు విప్పినప్పుడు ఆ మూడు కొమ్ములూ పైకి ఉంటాయి. కాసేపటికి వంగి పుప్పొడి సంచుల పక్కకు దిగుతాయి. తేనెటీగలు చిన్నవి, అవి కింద దూరి పుప్పొడి దొంగిలించి పోతాయే గాని కొమ్ములకు తగలవు. పెద్ద నల్ల తుమ్మెద వీపు మాత్రమే తగులుతుంది. "తుమ్మెద ఒంటి తీగను ఎంత తడిమినా లాభం లేదమ్మా" అన్నాడు. తొర్రూరు పువ్వు పుప్పొడి వేలి కొసకు అద్దుకొని మన తీగ మీది మూడు పువ్వుల కొమ్ములకు రాశాను. తెగిన పడుగు పోగు అతికే వేలే అది. మనసులో ఏమీ లేదు. పోగు అతికినట్టే అతికాను.

వెళ్ళేముందు శేఖర్ ఖాళీ మణికట్టు చూపించి తల వంచుకున్నాడు. నేను తల్లిని, రాఖీ ఎలా కడతాను? మగ్గం నుంచి నూలుపోగు ఒకటి తెంపి చేతికి కట్టాను. వాడు బస్సు దాకా ఏడుస్తూ పోయాడని సంధ్యారాణి చెప్పింది. నాకు ఏడుపు రాలేదు.

ఇప్పుడు చెప్పవలసింది చెబుతాను. దసరాకు నేను రాసిన ఉత్తరంలో "తీగ ఇంకా కాయలేదు" అని రాశాను. అది అబద్ధం. ఆ రోజుకే మూడు కాయలు కోడిగుడ్డంత ఉన్నాయి. మిగతా పువ్వులన్నీ రాలిపోయాయి, నేను ముట్టుకున్న మూడూ నిలబడ్డాయి. వాటికి పాత గుడ్డ కట్టి, ఉడతలు మొగ్గలు కొరుకుతున్నాయని వాడకట్టుకు చెప్పాను. ఉడతలు లేవు. మీకు తెలియకూడదని కట్టాను.

తెలిస్తే మీరు వస్తారు. ఆడిన మాట మీద నిలబడే మనిషి మీరు. మీరు రావడం నాకు ఇష్టం లేకపోయింది.

నా మీద కోపగించుకునే ముందు ఎందుకో వినండి. ఇందు పోయిన రోజు దవాఖాన వరండాలో మీరు ఏడ్చారు. మీ గొంతు ఎంత గట్టిగా లేస్తుందో మీకు తెలియదు, ఎప్పుడూ తెలియదు. వార్డుల్లో పడుకున్నవాళ్ళు లేచి వచ్చారు. నర్సులు మీ భుజం పట్టుకొని "మెల్లగ, మెల్లగ" అంటున్నారు, మీకు వినపడటం లేదు. ఆ కేక నేను విన్నాను. అది విన్నప్పటి నుంచి నాలో ఏదో మూసుకుపోయింది. మీరు బండెక్కి వెళ్ళిన రోజు, మీకు చెప్పకూడదు గాని, నాకు ఊపిరి ఆడింది. ఈ ఇంట్లో ఆ కేక మళ్ళీ వినలేనని అనుకున్నాను. మీరు రాకపోతే ఇలాగే కండెలు చుట్టుకుంటూ, తింటూ, నిద్రపోతూ ఉండవచ్చనుకున్నాను. ఏడవని తల్లి అని ఎవరైనా అంటే అననీ అనుకున్నాను.

మొన్న శనివారం పొద్దున్నే కండెలు చుడుతుంటే కిటికీ అవతల ఏదో పడిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే గుడ్డ ముడి వదులై ఒక కాయ కింద పడి ఉంది. పసుపుపచ్చగా, నిమ్మకాయ కన్నా పెద్దగా. ఈ పండు పండితే కోయనక్కర్లేదట, దానంతట అదే రాలుతుందట. ఇందు చెప్పింది. పైచిప్ప గట్టిది, పగల్లేదు. వంగి తీసుకున్నాను. తీసుకొని ఇంట్లోకి తిరిగి, మగ్గం వైపు చూస్తూ గట్టిగా పిలిచాను.

"ఇందు నాయినా! కాయ వడ్డది!"

ఎప్పుడూ పిలిచినట్టే, మీ చెవికి అందేటంత గట్టిగా. ఏడాది పైనుంచి ఆ పిలుపు నా నోట రాలేదు. కాగితం మీద కూడా రాయలేకపోయాను. మిమ్మల్ని పిలవాలంటే ముందు దాని పేరు పలకాలి. అందుకే సదానందం గారికి అని రాస్తూ వచ్చాను. మీరు అడిగిన రెండో ప్రశ్నకు జవాబు ఇదే. మీ మీద కోపంతో కాదు.

పిలిచాక ఇల్లు ఎంత ఖాళీగా ఉందో నాకు తెలిసింది. ఏడాదిగా తెలియలేదు, అప్పుడు తెలిసింది. మీ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్నాను. ఏడుపు వచ్చిందా అంటే, వచ్చిందనే చెప్పాలి. చప్పుడు లేకుండా వచ్చింది. మీదంతా గట్టిది, నాదంతా చప్పుడు లేనిది. ఒకరిది ఒకరికి వినపడకుండానే ఏడాది గడిచింది.

కాయను బియ్యం డబ్బాలో పెట్టాను. కోయలేదు. పైతోలు ముడతలు పడుతోంది. పాడైపోతోందనుకోకండి, ముడతలు పడితేనే తీపి. మొదటి కాయ మీకని ఇందు అన్నది. లోపలి గింజలు వెంకట్రాజం అన్నకు ఇస్తాను. కొమ్మ ఇవ్వను, గింజే ఇస్తాను. ఆయన మగ తీగ మాట ఈ జన్మకు మరిచిపోనివ్వను.

ఇక రండి. కాజీపేటలో దిగితే ఆటోవాడు మీకు వినపడదని చూసి ఎక్కువ అడుగుతాడు. సంధ్యారాణిని తీసుకొని నేనే స్టేషన్‌కు వస్తాను. ఇంటికి వచ్చాక మీకు ఏడవాలనిపిస్తే ఏడవండి, ఎంత గట్టిగానైనా సరే. మీకు వినపడదు, నేను వింటాను. వినేవాళ్ళు ఒకరు ఇంట్లో ఉండాలి కదా.

కవరు మీద పోస్టుమాన్ కోసం సదానందం అనే రాస్తున్నాను. అది చూసి మళ్ళీ కోపం తెచ్చుకోకండి. లోపల ఉన్నది మాత్రం ఇది: ఇందు నాయినా, తీగ కాసింది.

ఇట్లు,
ఇందు అమ్మ